పన్నెండో వరస ఐమూల కొలతలు

61వ ఏడు, మూడో నెల, 4

పురిటి గది. కింది కడ్డీ 300, పై కడ్డీ 300, ఎడమ కడ్డీ 300, కుడి కడ్డీ 300. అన్నీ సెంటీమీటర్లలో. నాలుగూ సమానం.

కొలత రాయకుండా పొయ్యి వెలిగించకూడదు కాబట్టి ముందు ఇది రాసి, తర్వాత హైమకు మిరియాల చారు కాచాను. నా కూతురు ప్రసవించి ఇవాళ్టికి నాలుగో రోజు. ఆడపిల్ల. పాలు బాగా తాగుతోంది. బొడ్డు ఇంకా ఊడలేదు.

మా వరసలో తొమ్మిది గదులు. ఎనిమిది కాపురపు గదులు 400 వెడల్పు, 300 ఎత్తు. చివరిదైన పురిటి గది మాత్రం 300కు 300. నాలుగు పక్కలూ సమానమైన గదిలో పుట్టిన బిడ్డకు చట్రం కలిసొస్తుందని మా కింది ఊరి నమ్మకం. పైన ఎంత రాయి ఉందో నాకు తెలియదు. దాన్ని మోసేది మాత్రం ఈ ఇనుప చట్రాలే. గదికి ముందొకటి, వెనకొకటి. చట్రానికి నాలుగు కడ్డీలు, మూలకొక శీల. పొద్దున్నే ప్రతి ఇల్లాలూ తన గది కడ్డీలు కొలిచి పుస్తకంలో రాస్తుంది. మావారు తొమ్మిది పుస్తకాలూ చూసి, ఎదురెదురు కడ్డీలు సమానంగా ఉంటే ముద్ర వేస్తారు. ఇరవై రెండేళ్లుగా వరసకు కొలతల పెద్ద ఆయనే.

ఇవాళ ఒక్క విషయం మాత్రం కుదరలేదు. బిడ్డకు చలి తగలకుండా వెనక చట్రానికి కడదామని పాత చీర ముక్కలతో బొంత కుట్టాను. సరిగ్గా మూడొందలకు మూడొందలు. నాలుగు మూలలా కట్టగానే, కింది ఎడమ మూల నుంచి పై కుడి మూల దాకా ముడతలు లేచాయి. మూడుసార్లు విప్పి కట్టాను. మూడుసార్లూ ముడతలు అక్కడే.

5

300, 300, 300, 300.

ముడతలు నిన్నటికంటే లోతుగా ఉన్నాయి. ఇన్నేళ్లుగా బొంతలు కుడుతున్నదాన్ని, ఈ ముడత ఏమిటో నాకు తెలుసు. గుడ్డ ముక్కను ఐమూలగా, అంటే ఈ మూల నుంచి ఎదుటి మూలకు లాగితే, దాని అంచులు సాగవు. ముక్క మాత్రం ఒక పక్కకు ఒరిగిపోతుంది. లాగిన దారిలోనే ముడత పడుతుంది.

అంబలి తాగుతున్నప్పుడు మావారితో చెప్పాను.

"బొంత వంకరగా కుట్టుంటావ్, రాజ్యం."

"నేనా?"

"పోనీ, సూది వంకర."

చీపురుపుల్లలు నాలుగు సమానంగా తుంచి, మూలల్లో దారంతో కట్టి, ఆయన ముందు పెట్టాను. పై పుల్లను వేలితో కొంచెం పక్కకు తోశాను.

"ఇప్పుడు కొలవండి."

"కొలిచేదేముందే, నాలుగూ సమానమే."

"ఇది చతురస్రమేనా?"

ఆయన పై పుల్లను మళ్లీ నిటారుగా తోశారు. తర్వాత నవ్వారు. "పుల్లలు వేరు, ఇనుము వేరు. నేను ముద్రేసింది పుల్లలకు కాదు."

ఆయన మాటలో ఉన్నది మొండితనం ఒక్కటే కాదు. ఊరు కట్టిన పంతొమ్మిదో ఏట నాలుగో వరస కూలినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లు. తల్లి అందులోనే పోయింది. అప్పట్లో కొలవడం అనేదే లేదు. పై కడ్డీ కుంగి కుంగి పొట్టిదైపోయింది. కూలాక చూస్తే అడుగున 400, పైన 391. గదులు సమలంబ చతుర్భుజాలయ్యాయి. కొలిచి ఉంటే ఎదురెదురు కడ్డీల తేడా పసిపిల్లలకైనా తెలిసేది. అరవై మూడు మంది పోయారు. ఆ తర్వాతే పక్కలు కొలిచే నియమం వచ్చింది. ఆ ఒక్క ఆకారం నుంచి మనం బాగానే తప్పించుకుంటున్నాం. చట్రం ఇంకో ఆకారంలోకి పోవచ్చునని ఎవరికీ తోచలేదు.

తోచినా కొలిచే వీలు లేదు. అప్పుడు శవాలున్న గదులకు ఎవరూ వెళ్లకుండా ముందు చట్రానికి రెండు తెల్లతాళ్లు ఐమూలగా, ఒకదాని మీదుగా ఒకటి కట్టారట. అప్పటి నుంచి ఎవరు పోయినా ఆ గదికి ఐమూల తాడు కడతారు. పదిరోజులు ఎవరూ లోపల అడుగు పెట్టరు. పదో రోజు కొలతల పెద్ద వచ్చి తాడు కోస్తాడు. అందుకే మనుషులు బతికున్న ఇంట్లో మూల నుంచి మూలకు ఏదీ ఉండకూడదు. బట్టల తీగ కట్టకూడదు. చాప అలా పరచకూడదు. దన్నుగా ఇనుప కడ్డీ కూడా బిగించకూడదు.

6

300, 300, 300, 300.

హైమ నిద్రపోతోంది. తలుపు దగ్గరకు వేశాను. ముక్కాలిపీట ఎక్కి, టేపు చివర పై మూల శీలకు తగిలించి, ఎదుటి కింది మూల దాకా లాగాను. తప్పని తెలిసే లాగాను. అబద్ధం ఎందుకు రాయాలి.

ఒక ఐమూల 426. రెండోది 422.5.

రెండోసారి లాగుతుండగా ఎనిమిదో గది సూరీడమ్మ వేడినీళ్ల చెంబుతో లోపలికి వచ్చింది. నన్ను వదినా అంటుంది, మావారిని అన్నయ్యా అంటుంది. ఏ బంధుత్వమూ లేదు, ముప్ఫై ఏళ్ల ఇరుగుపొరుగు.

"వదినా! ఏంటది? బాలింత పడుకున్న గదిలో ఐమూల లాగుతావా?"

"కొలుస్తున్నా, సూరీడూ."

"ఎవరి చావుకి?"

ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. చతురస్రమైతే రెండు ఐమూలలూ సమానంగా రావాలి. మీ గది దీర్ఘచతురస్రం, అందులోనూ సమానంగానే రావాలి. 400కు 300 గదికి రెండూ సరిగ్గా 500. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే గది ఒరుగుతోందని అర్థం. పక్కలు ఎంత బాగున్నా సరే. మన వరసంతా ఒకే చట్రాల గొలుసు, ఇది ఒరిగితే అన్నీ ఒరుగుతాయి. ఒక్కసారి మీ గది చూద్దాం రా.

"మా ఇంట్లో అందరూ బతికే ఉన్నారమ్మా," అని చెంబు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి వరసంతా తెలిసింది. రోజూ పాపను చూడటానికి వచ్చే ఆడవాళ్లు ఇవాళ ఒక్కరూ రాలేదు.

హైమ లేచే ఉందట. పాపకు నీళ్లు పోస్తుంటే అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. దీనికేమైనా అవుతుందా?"

"ముందు చట్రానికవుతుంది."

"అయితే మమ్మల్ని ఎక్కడికైనా తీసుకుపో."

పదకొండో రోజు నీళ్లు పోసేదాకా బాలింత గడప దాటకూడదు. దాటినా ఇంకే వరసా లోపలికి రానివ్వదు. అంటే ఈ నెల 11 దాకా ఇక్కడే. ఇంకా అయిదు రోజులు. అప్పటిదాకా చట్రం ఆగుతుందా లేదా అన్నదే ఇప్పుడు నా లెక్క.

8

300, 300, 300, 300. ఐమూలలు 427, 421.5.

నేను రాసిచ్చిన కాగితం మీద పై కార్యాలయం నుంచి భానోజీరావు గారు వచ్చారు. చట్రాల పర్యవేక్షణ ఆయనదే. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. వరసలో జనమంతా గుమ్మం దగ్గర మూగారు.

గది నిటారుగా ఉందో లేదో దారానికి గుండు వేలాడదీసి చూద్దామన్నాను. ఆయన నవ్వి పైకి చూపించారు. పైన గాలి తోలే మర ఊపుకి మా ఊళ్లో వేలాడేదేదైనా పడమటి వైపుకే పోతుంది. ఆ మాట నిజమే.

"నాకు మీ తాళ్ల పట్టింపులేమీ లేవమ్మా. మీ తృప్తి కోసం ఐమూలలే చూద్దాం," అని పాపను, హైమను తెర వెనక్కి పంపించి, రెండు తాళ్లు మూల నుంచి మూలకు కట్టించారు. బయట ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. తాళ్లు కలిసిన చోట ఆయన మూలమట్టం పెట్టారు. సరిగ్గా తొంభై డిగ్రీలు.

"చూశారా? చతురస్రంలో ఐమూలలు లంబంగా కోసుకుంటాయి. ఇక్కడా కోసుకున్నాయి. నాలుగు పక్కలూ సమానం. ఇంకా ఏం కావాలి?"

"అయ్యా, నాలుగు పక్కలు సమానమైతే ఎంత ఒరిగినా అవి లంబంగానే కోసుకుంటాయి. దాన్ని సమచతుర్భుజం అంటారు కదా. పొడవులు చూడండి. ఆ తాళ్ల పొడవులు."

"టేపు చివర ఆడవాళ్లు పట్టుకుంటే అయిదు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుందమ్మా."

"నేను పట్టుకోను. మీరే పట్టుకోండి."

గుమ్మం దగ్గర ఎవరో, "బాలింత కంటే ఈవిడికే ముందు మిరియాల చారు పట్టాలి," అన్నారు. అందరూ నవ్వారు. భానోజీరావు గారు కూడా నవ్వబోయి ఆపుకున్నారు. తాళ్లు విప్పించి పుస్తకంలో 'చతురస్రం, లోపం లేదు' అని రాసి సంతకం చేశారు.

పోతుంటే వెంటపడి అడిగాను. కనీసం ఈ ఒక్క గదికి ఐమూలగా ఒక కడ్డీ బిగించండి. అది ఉంటే గది ఎటూ ఒరగదు.

"కాపురాలు చేసే చోట ఐమూల కడ్డీయా? నేను బిగించినా మీవాళ్లు రాత్రికి రాత్రి పీకేస్తారు," అన్నారు. అదీ నిజమే.

9

300, 300, 300, 300. ఐమూలలు 428, 420.5.

తలుపు పై అంచు చట్రానికి ఒరుసుకుంటోంది. కింద బొటనవేలంత సందు.

మావారు అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నారు.

"నన్ను చూసి నవ్వారు నిన్న. నిన్ను కాదు, నన్ను. కొలతల పెద్ద ఇంట్లోనే కొలతల మీద నమ్మకం లేదట."

"మీరొక్కసారి టేపు పట్టుకోండి. మీ చేత్తో."

"పట్టుకుని? తేడా వస్తే? ఇరవై రెండేళ్లు ముద్రలేశాను, రాజ్యం. అన్నీ అబద్ధమంటావా?"

"అబద్ధం కాదండీ. సగం."

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ముద్ద అలాగే ఉంది. ఆ మాట ఇంకోలా అనాల్సింది. ఎలా అనాలో ఇప్పటికీ తెలియడం లేదు.

10, పొద్దున

300, 300, 300, 300. ఐమూలలు 432, 416.4.

నిన్నటి దాకా రోజుకు ఒకటికి మించి పెరగలేదు. ఇవాళ ఒక్కసారిగా నాలుగు. శీలల దగ్గర తుప్పు పొడి రాలి నేల మీద పడుతోంది, ఊడ్చినకొద్దీ.

రేపటి దాకా ఆగను. మధ్యాహ్నం గంటకు వరస మొత్తం భోజనాల శాలకు పోతుంది. ముప్పావుగంట ఎవరూ ఉండరు. తొమ్మిది గదులకు పద్దెనిమిది తాళ్లు కావాలి. తెల్లచీర అంచులు చించి పేనాను.

13

మూడు రోజులు రాయలేదు. పదో తేదీ సంగతి ఇప్పుడు రాస్తున్నాను. వరుసగా, ఏదీ వదలకుండా.

గంట కొట్టగానే హైమతో, "శాలలో వేడినీళ్లున్నాయి, పాపకు అక్కడ స్నానం చేయిద్దాం," అన్నాను. అది నా మొహంలోకి చూసి, పాపను బొంతలో చుట్టుకుని, ఇంకేమీ అడక్కుండా గడప దాటింది. "దోషమంటే నాకే తగలనీ," అంది. దాన్ని శాల వెనక గదిలో కూర్చోబెట్టి తిరిగి వచ్చాను.

ఒకటో గది నుంచి మొదలుపెట్టాను. ముందు చట్రానికి ఈ మూల నుంచి ఆ మూలకు ఒక తాడు, ఆ మూల నుంచి ఈ మూలకు ఇంకొకటి. తొమ్మిది గదులూ అయ్యేసరికి వేళ్లు చీరుకుపోయాయి. నేను మాటల్తో ఆపలేని వాళ్లను ఆ తాడు ఆపుతుంది. అది కట్టిన గదిలోకి మా ఊళ్లో మనిషన్నవాడు అడుగు పెట్టడు.

పెట్టలేదు. ఇరవై తొమ్మిది మంది తిరిగొచ్చి వరస మొదట్లోనే నిలబడిపోయారు. ముందు ఎవరు పోయారోనని ఒకరి మొహాలొకరు లెక్కపెట్టుకున్నారు. తర్వాత నా చేతిలో మిగిలిన గుడ్డ పీలికలు చూశారు.

సూరీడమ్మ నా మీదకు వచ్చింది. "నీ చేతులు పడిపోనూ! తొమ్మిది కొంపల్ని ఒక్కపూటలో శవాల కొంపలు చేశావు కదే! నా మనవడి ఉయ్యాల ఉంది అందులో!"

"ఉయ్యాలే కదా ఉంది. మనవడు నీ చంకలో ఉన్నాడు. పదిరోజులు శాలలో పడుకోండి. కూలకపోతే నన్ను మనిషి బతకని పై ఎండలోకి తోసెయ్యండి."

"చలమయ్యన్నా! తాళ్లు కోసెయ్యి! కోసేది నువ్వే కదా!" అని అందరూ మావారిని పట్టుకున్నారు. ఆయన చొక్కా పట్టి ముందుకు తోశారు.

ఆయన నా దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాను. "ఎంతుంది?" అని అడిగారు.

"పొద్దున నాలుగొందల ముప్ఫై రెండు. రెండోది నాలుగొందల పదహారున్నర కూడా లేదు."

జేబులోంచి టేపు తీశారు. తర్వాత జనం వైపు తిరిగి, "కోస్తానర్రా. తాళ్లు ఎలాగూ కట్టేసింది. కట్టిన తాడు పొడవు చూస్తే కొత్తగా వచ్చే దోషమేముంది? కొలిచి కోస్తాను," అన్నారు.

నేను వద్దన్నాను. కొలవమని ఇన్నాళ్లు ప్రాణం తీసినదాన్ని, అప్పుడు వద్దన్నాను. ఆయన తన పుస్తకం నా చేతిలో పెట్టి, "నువ్వు రాకు. నేను చెప్తా, నువ్వు రాయి," అన్నారు. పురిటి గది ముందుకు పోయి ముక్కాలిపీట ఎక్కారు. టేపు తాడు వెంబడి లాగారు. నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను.

"నాలుగొందల నలభై ఒకటి," అని అందరికీ వినపడేలా అరిచారు. రాశాను.

పీట దిగి రెండో మూలకు జరుపుకున్నారు. నన్ను చూసి తల అడ్డంగా ఊపారు, తన మీద తనకే విసుగన్నట్టు. టేపు పైకి తగిలించారు.

శీల తెగిన చప్పుడు చిన్నదే. గిన్నె మూత పడ్డంత. తర్వాత తొమ్మిది గదులూ ఒకదాని మీద ఒకటి వాలినట్టు పడమటికి పడుకున్నాయి. కడ్డీలు విరగలేదు, వంగలేదు. పైకి తీసినవాళ్లు చెప్పారు, కడ్డీలన్నీ ఇప్పటికీ మూడొందలే, నాలుగొందలే.

వరసలో పోయింది మావారొక్కరే. మిగిలిన వాళ్లందరూ బయట ఉన్నారు.

14

శాలలో నాకు ఒక మూల చోటిచ్చారు. నా చాపకు చుట్టూ రెండు చాపల ఖాళీ ఉంటుంది. తాడు కట్టాను కాబట్టే ఆయన పోయారని అనుకుంటున్నారు. నాకు వినపడేలా అనరు. నేను అటు వెళ్లగానే మాట ఆగిపోతుంది, అంతే.

హైమ మాత్రం పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టి, తను అటు తిరిగి పడుకుంటుంది. నాతో ఇంకా మాట్లాడలేదు. బొడ్డు ఊడింది.

మావారి పుస్తకం పట్టుకుని పై కార్యాలయానికి వెళ్లాను. భానోజీరావు గారు నిలబడి చేతులు జోడించారు. ఆయన కళ్లు నిద్ర లేనట్టున్నాయి. పుస్తకం తెరిచి చూశారు.

"ఇందులో ఒక్క ఐమూలే ఉందమ్మా. రెండోది లేదు. సగం కొలత ఆధారం కాదు. దీంతో నేను కమిటీకి ఏమని చెప్పను? అరవై వరసలున్నాయి. అన్నింట్లో ఐమూల కొలవమంటే జనం నన్ను బతకనిస్తారా?"

"కలం ఇవ్వండి."

సమచతుర్భుజంలో రెండు ఐమూలలూ ఒకదాన్నొకటి సగానికి, లంబంగా కోసుకుంటాయి. అందువల్ల ఒక సగం, ఇంకో సగం, ఒక కడ్డీ కలిసి లంబకోణ త్రిభుజం అవుతాయి. కడ్డీ 300. దాని వర్గం తొంభై వేలు. మావారు చెప్పిన 441లో సగం 220.5. దాని వర్గం 48,620 పైన పావు. తీసేస్తే మిగిలింది 41,379 పైన ముప్పావు. దాని మూలం 203.4. రెట్టింపు చేస్తే 406.8.

నా రాత కింద నేనే రాశాను. ఆయన చెప్పకుండా పోయిన సంఖ్య.

"ఇది కొలిచింది కాదు కదమ్మా, లెక్క కట్టింది," అన్నారు భానోజీరావు గారు, మెల్లగా.

"కొలిచేవాడు లేడు కదండీ."

ఒక సంఖ్యలోంచి రెండోది ఆయనే తీసేసి చూశారు. ముప్ఫై నాలుగు సెంటీమీటర్ల పైన తేడా. కమిటీ వచ్చే నెల కూర్చుంటుందన్నారు. అప్పుడు పెడతానన్నారు. పుస్తకం ఆయన దగ్గరే ఉంచుకున్నారు. ముద్ర వెయ్యలేదు.

17

మాకు పదమూడో వరసలో ఖాళీ గదులిచ్చారు. నాకు, హైమకు మూడో గది. కింద 400, పైన 400, ఎడమ 300, కుడి 300. రాసి, పొయ్యి వెలిగించాను.

అన్నం ఉడుకుతుండగా సూరీడమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. ఆ రోజు తర్వాత నా మొహం చూడటం ఇదే మొదలు. చేతిలో టేపు ఉంది. దాని చివర బిగించి పట్టుకుందేమో, వేలి మీద గాటు పడింది.

"మా నాలుగో గదిలో ఒకటి లాగాను, వదినా. మావాళ్లను బయటికి పంపించి. ఐదొందల మూడు వచ్చింది. నా చెయ్యి వణికి తప్పు వచ్చిందేమో."

నేను అన్నం గిన్నె దించాను.

"రెండోది ఒక్కదాన్నే లాగలేకపోయాను. కొంచెం వచ్చి పట్టుకో."

పొయ్యి ఆర్పి వెళ్లాను. మూలకు ఆమె, మూలకు నేను.

నాలుగొందల తొంభై ఏడు.

సూరీడమ్మ టేపు చుట్టి కొంగున కట్టుకుంది. ఈ వరసలో పదకొండు గదులున్నాయి. హైమకు చెప్పాను, పాపను ఎత్తుకుని శాలకు నడవమని. మేమిద్దరం ఒకటో గది తలుపు తట్టడానికి వెళ్తున్నాం.